రాళ్ళెక్కే జీపు తిరగనంటే ఏం చేయాలి?

మా తమ్ముడి దగ్గర ఒక చిన్న జీపు ఉంది. "బొమ్మజీపు" అంటే వాడికి కోపం. "అక్కా, ఇది బొమ్మ కాదు, రాక్ క్రాలర్" అంటాడు. రిమోటుతో నడిచేదే, కానీ మామూలు రిమోటు కారులాగా పరిగెత్తదు. బల్లి గోడ ఎక్కినట్టు నిదానంగా బండలు పట్టుకుని పైకి పాకుతుంది. బళ్ళారిలో ఉన్నవాళ్ళకు బండలకు కొదవేముంది? మన కోట ఉన్న కొండే ఒక పెద్ద నల్లబండ. ఆదివారం పొద్దున్నే వాడు జీపు సంచిలో వేసుకుని కొండ కిందికి బయలుదేరుతాడు.

పోయిన నెల ఒక ఆదివారం వాడు మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. జీపు ఎడమకు తిరుగుతుంది, కుడికి తిరగదట. బండ మీద ఒక పక్కకు ఒరిగి పడిపోతోందట. రిపేరు అంగడికి తీసుకుపోతే అక్కడి అన్న రెండు నిమిషాలు చూసి, "సర్వో పోయింది, కొత్తది వేయాలి, మూడువేల ఎనిమిది వందలు అవుతుంది" అన్నాడంట. "లేకుంటే నాకే అమ్మెయ్, పదిహేను వందలు ఇస్తా" అని కూడా అన్నాడంట. ఆ జీపు మా వాడు రెండేళ్ళు పండగల డబ్బులు దాచి సెకండ్‌హ్యాండులో కొనుక్కున్నది. ఆ నెలలోనే నా పరీక్ష ఫీజు కట్టాలి. అమ్మ ఏమీ అనలేదు గానీ, "ఆదివారం లోపల ఏదో ఒకటి తేల్చుకోండి" అంది. అంటే బాగవ్వకపోతే అమ్మేయాలని.

తెలుగు చదివే నాకు ఇందులో ఏం తెలుసు? ఏమీ తెలియదు. కానీ వారం రోజులు ఆ జీపుతో కూర్చుంటే ఒకటి అర్థమైంది. వ్యాకరణంలో వాక్యాన్ని విడదీసి ఏ పదం ఏ పని చేస్తోందో చూసినట్టే, దీన్ని కూడా విడదీసి చూడొచ్చు. నేను నేర్చుకున్నది, తప్పులతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

ముందు దాని ఒళ్ళు తెలుసుకుందాం

మా జీపు పదోవంతు సైజుది. అంటే అసలు జీపు కొలతల్లో పదో భాగం. ముందొక ఇరుసు, వెనకొక ఇరుసు. ఎద్దులబండికి ఉన్నట్టే ఇరుసు ఒకే అడ్డ కడ్డీలాగా ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఉంటుంది. అందుకే ఒక చక్రం రాయి ఎక్కితే అదే ఇరుసు మీది రెండో చక్రం కిందికి నొక్కుకుంటుంది. రాళ్ళ మీద పట్టు దొరికేది దీనివల్లే. నాలుగు చక్రాలకూ మోటారు బలం అందుతుంది.

ఇరుసుకూ జీపు చట్రానికీ మధ్య పొడుగాటి కడ్డీలు ఉంటాయి. వాటిని లింకులు అంటారు. ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టుకుని, పైకీ కిందికీ మాత్రం కదలనివ్వడం వాటి పని. బరువు మోసేది స్ప్రింగు. ఆ కదలికను నిదానం చేసేది స్ప్రింగు లోపలి షాక్, దానిలోని నూనె. ఈ రెండు పనులూ వేరు వేరని గుర్తుపెట్టుకోండి. నేను తప్పు చేసింది ఇక్కడే, తర్వాత చెప్తాను.

స్టీరింగు ఒక గొలుసు లాంటిది. మన వేలు రిమోటు చక్రాన్ని తిప్పుతుంది. రిమోటు సంకేతం జీపులోని రిసీవరుకు పోతుంది. రిసీవరు సర్వోకు చెబుతుంది. సర్వో అంటే చిన్న మోటారు, కొన్ని గేర్లు, తాను ఎంత తిరిగిందో తెలుసుకునే ఒక భాగం, అన్నీ ఒక డబ్బాలో. దాని మీద హార్న్ అనే చిన్న చేయి ఉంటుంది. ఆ చేయి ఒక కడ్డీని లాగుతుంది. కడ్డీ చక్రం దగ్గరున్న నకిల్‌ను తిప్పుతుంది. నకిల్ అంటే మన వేలి మెటికే, చక్రం మడిచేది అక్కడే. ఇంకో అడ్డ కడ్డీ రెండో వైపు నకిల్‌ను కూడా తనతో లాక్కుపోతుంది.

గొలుసులో ఎక్కడ తెగినా బయటికి కనిపించేది ఒకటే: చక్రం తిరగదు. అందుకని చక్రం తిరగలేదంటే సర్వో పోయిందని అర్థం కాదు. అంగడి అన్న చివరి కొస చూసి మొదటి కొస పోయిందన్నాడు.

విప్పకముందే చేయాల్సినవి

ఒకటి, బ్యాటరీ నిండుగా ఉందా చూడండి. వీటిలో ఎక్కువగా రెండు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ వాడతారు. దాని మీద 7.4 వోల్టులు అని ఉన్నా, నిండా చార్జయితే 8.4 ఉంటుంది. బ్యాటరీ దిగిపోతే ముందు నీరసించేది స్టీరింగే.

రెండు, జీపు పొట్ట కింద ఒక డబ్బా పెట్టి నాలుగు చక్రాలూ గాలిలో ఉంచండి. అప్పుడు ఎడమకూ కుడికీ తిప్పి చూడండి. గాలిలో బాగా తిరిగి, నేల మీద తిరగకపోతే అది బలం సమస్య. గాలిలో కూడా తిరగకపోతే అది అమరిక సమస్య, లేదా ఎక్కడో బిగుసుకుపోయింది.

మూడు, రిమోటు మీద ట్రిమ్ అనే చిన్న మీట ఉంటుంది. దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టండి.

నాలుగు, స్విచ్ ఆపి ముందు చక్రాన్ని పట్టుకుని మెల్లగా ఊపండి. ఎంత లూజు ఉందో చేతికే తెలుస్తుంది. గట్టిగా మాత్రం తిప్పకండి. సర్వో లోపలి గేర్ల పళ్ళు చిన్నవి, విరిగిపోతాయి.

స్టీరింగు: ఒక్కొక్క లంకె చూడండి

మా జీపు గాలిలో ఎడమకు బాగా, కుడికి కొంచెమే తిరిగింది. నేరుగా పోనిస్తే కూడా ఎడమకే లాగేది. నేనేం చేశానంటే ట్రిమ్‌ను కుడికి తిప్పేశాను. జీపు నేరుగా నిలబడింది. గెలిచేశా అనుకున్నా. కానీ కుడికి తిరగడం ఇంకా తగ్గిపోయింది! కారణం తర్వాత తెలిసింది. సర్వో తిరిగే మేరకు ఒక హద్దు ఉంది. నేరుగా నిలబెట్టడానికే అందులో కొంత కుడి వైపు ఖర్చుపెట్టేస్తే, మలుపుకు ఏం మిగులుతుంది?

అసలు తప్పు హార్న్‌లో ఉంది. సర్వో ఇరుసుకు చుట్టూ సన్నటి పళ్ళుంటాయి. చాలా సర్వోలకు 25 పళ్ళు. 360 డిగ్రీలను 25తో భాగిస్తే 14.4. అంటే హార్న్ ఒక్క పన్ను పక్కకు కూర్చున్నా 14.4 డిగ్రీలు వంకర. పాత యజమాని ఎప్పుడో విప్పి అలా పెట్టేసి ఉంటాడు.

సరిచేసే పద్ధతి ఇది. ట్రిమ్ మధ్యలో పెట్టి ముందు రిమోటు, తర్వాత జీపు ఆన్ చేయండి. సర్వో తనంతట తాను మధ్యకు వచ్చి నిలుస్తుంది. హార్న్ స్క్రూ విప్పి, హార్న్ పైకి తీసి, కడ్డీకి లంబకోణంలో ఉండేలా మళ్ళీ కూర్చోబెట్టండి. సరిగ్గా కుదరకపోవచ్చు. ఏ పన్ను దగ్గరైతే అక్కడ పెడితే, మిగిలే తేడా ఎక్కువలో ఎక్కువ అర పన్ను, అంటే 7.2 డిగ్రీలు. ఆ కాస్తా ట్రిమ్‌తో సరిచేయొచ్చు. తర్వాత చక్రాలు నేరుగా వచ్చేదాకా కడ్డీ కొసలను తిప్పి దాని పొడవు సవరించండి. రెండు చక్రాలూ ఒకదానికొకటి సమాంతరంగా రావాలంటే అడ్డ కడ్డీ పొడవు సవరించాలి.

ఇప్పుడు రెండు వైపులా పూర్తిగా తిప్పండి. చక్రం తన హద్దు తాకిన తర్వాత కూడా సర్వో "గుయ్" మంటూ నెడుతూ ఉంటే మంచిది కాదు. అది కరెంటు తాగుతూ వేడెక్కి కాలిపోతుంది. చాలా రిమోటుల్లో ఎండ్ పాయింట్ అనే అమరిక ఉంటుంది. దాన్ని తగ్గించి, తాకడానికి కొంచెం ముందే ఆగేలా పెట్టండి.

ఇది చేశాక మా జీపు గాలిలో రెండు వైపులా సమానంగా తిరిగింది. నేల మీద మాత్రం కుడికి ఇంకా మొరాయించింది. అప్పుడు కడ్డీని హార్న్ నుంచి విప్పేసి, చక్రాలను చేత్తో తిప్పి చూశాను. సర్వోను పక్కన పెట్టి మిగతా గొలుసును విడిగా పరీక్షించడం అన్నమాట. చక్రాలు తలుపు తిరిగినంత తేలిగ్గా తిరగాలి. ఎడమది తిరిగింది. కుడిది తుప్పు పట్టిన గడియలాగా ఉంది. నకిల్ స్క్రూ మరీ బిగించి ఉంది, లోపల కొండ మట్టి పేరుకుని ఉంది. విప్పి తుడిచి, స్క్రూ పూర్తిగా బిగించాక పావు చుట్టు వెనక్కి తిప్పాను. చక్రం తేలికయింది.

మీకు వేరే లక్షణాలు కనిపిస్తే ఇలా చూసుకోండి.

హార్న్ కదులుతోంది, చక్రం కదలడం లేదు: కొన్ని హార్న్‌లలో దెబ్బ తగిలితే సర్వో గేర్లు విరగకుండా లోపల ఒక స్ప్రింగు పెడతారు. క్రాలర్‌కు ఆ స్ప్రింగు మెత్తనైతే రాయి దగ్గర అదే వంగిపోతుంది. మామూలు లోహపు హార్న్ వేసుకోవచ్చు. కానీ అప్పుడు దెబ్బంతా సర్వోకే పోతుంది కనుక సర్వో గేర్లు కూడా లోహానివై ఉండాలి.

సర్వో కదలబోయి ఆగిపోతోంది: సర్వో మీద 20 కిలోలు అని ఉంటే, మధ్య నుంచి ఒక సెంటీమీటరు దూరంలో 20 కిలోల బలమని అర్థం. రెండు సెంటీమీటర్ల పొడవు హార్న్ పెడితే బలం 10 కిలోలే. కడ్డీని హార్న్ మీది లోపలి రంధ్రానికి మారిస్తే బలం పెరుగుతుంది, తిరిగే మేర తగ్గుతుంది. రెండూ ఒకేసారి కావాలంటే దొరకవు.

తిప్పేటప్పుడు జీపంతా ఒక్క క్షణం చచ్చిపోయి మళ్ళీ లేస్తోంది: సర్వో లాగే కరెంటును స్పీడ్ కంట్రోలరు ఇవ్వలేకపోతోంది. వోల్టేజీ పడిపోయి రిసీవరు ఆరిపోతోంది. సర్వోకు విడిగా కరెంటు అందించే చిన్న రెగ్యులేటరు వేస్తే తీరుతుంది.

చక్రం ఊగుతోంది: కడ్డీ కొసల్లోని బంతి కీళ్ళు, నకిల్ స్క్రూలు, బేరింగులు ఈ మూడింటిలో ఏదో అరిగింది. ఒక వేలు కీలు మీద ఆనించి, రెండో చేత్తో చక్రం ఊపండి. లూజున్న చోట వేలికి టిక్ మని తగులుతుంది.

స్టీరింగు ముట్టకుండానే, జీపు కిందికి నొక్కితే చక్రాలు పక్కకు తిరుగుతున్నాయి: సర్వో చట్రం మీద ఉన్న జీపుల్లో ఇది వస్తుంది. స్టీరింగు కడ్డీకి తోడుగా, ఇరుసు పక్కలకు జరగకుండా ఇంకో అడ్డ కడ్డీ ఉంటుంది. ఈ రెండూ సమాంతరంగా, దాదాపు ఒకే పొడవులో ఉండాలి. అలా లేకుంటే ఇరుసు పైకి లేచినప్పుడు రెండూ వేర్వేరు దారుల్లో పోతాయి. చక్రం మధ్యలో నలిగిపోతుంది.

సస్పెన్షను: ఎందుకు ఒరిగిపోతోంది?

ఇక ఒరగడం సంగతి. చదునైన నేల మీద పెట్టి చూస్తే మా జీపు ముందు కుడి మూల కిందికి ఉంది. అదే మూలలో షాక్ నుంచి నూనె కారి మట్టి అంటుకుని ఉంది. "ఓహో, నూనె పోయింది కనుక కుంగింది" అనుకున్నా. అందరికీ తట్టేది అదే. దొరికిన చిక్కటి నూనె తెచ్చి పోశాను. కారడం తగ్గింది, మూల మాత్రం లేవలేదు!

రెండు రోజులు బుర్ర గోక్కున్నాక తెలిసింది. నూనె బరువు మోయదు. కదలికను నిదానం మాత్రమే చేస్తుంది. జీపు ఎంత ఎత్తున నిలబడాలో నిర్ణయించేది స్ప్రింగు. నూనె లేకపోతే జీపు కుంగదు, రాయి మీద నుంచి దిగినప్పుడు ఎగిరెగిరి పడుతుంది. మా జీపుకు రెండు జబ్బులూ ఒకే మూలలో ఉన్నాయి. వాటిని నేను ఒకటే అనుకున్నాను.

స్ప్రింగు పైన మరలు తిరిగే ఒక ఉంగరం ఉంటుంది. దాన్ని కిందికి తిప్పితే స్ప్రింగు నొక్కుకుని ఆ మూల లేస్తుంది. కుడి దాని ఉంగరం పైదాకా జరిగిపోయి ఉంది. ఎడమ దానితో సమానం చేయగానే జీపు సమంగా నిలబడింది. క్రాలర్‌కు మరీ బిగువు స్ప్రింగు పనికిరాదు. తన బరువుకే షాక్ పొడవులో మూడోవంతు దాకా కుంగితే మొదలుపెట్టడానికి బాగుంటుంది. గుంట వచ్చినప్పుడు చక్రం కిందికి సాగి నేలను అందుకోవాలి కదా.

షాక్‌లో నూనె మార్చడం వంటింటి పనికంటే కష్టం కాదు. షాక్ విప్పి, మూత తీసి, పాత నూనె వంచేసి తుడవండి. రాడ్ బయటికి వచ్చే చోట ఉన్న చిన్న రబ్బరు రింగు అరిగితే మార్చండి. కారేది అక్కడే. రాడ్‌ను కిందికి లాగి పెట్టి, సిలికాన్ నూనె పోయండి. 30 నంబరు దగ్గర మొదలుపెట్టొచ్చు. రాడ్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే బుడగలు పైకొస్తాయి. పది నిమిషాలు నిలబెట్టి ఉంచండి. బుడగలన్నీ పోయాక మూత బిగించండి. ఇంజను నూనె, కొబ్బరినూనె పోయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. ఒకే ఇరుసు మీది రెండు షాకుల్లో ఒకే నూనె ఉండాలి. నేను పోసిన చిక్కటి నూనె వంచేసి రెండింటిలోనూ కొత్తగా పోయాల్సి వచ్చింది.

సస్పెన్షను బిగుసుకుపోయిందన్న అనుమానం ఉంటే రెండు షాకులనూ ఇరుసు నుంచి విప్పేయండి. ఇరుసును చేత్తో పైకీ కిందికీ, ఒక వైపు ఎత్తీ ఆడించండి. తన బరువుకు తానే కిందికి జారాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే, లింకు కొసలోని కీళ్ళు ఒకదానికొకటి మెలిపడి ఉన్నాయని అర్థం. లింకును పట్టుకుని దాని పొడవు చుట్టూ తిప్పి చూస్తే, రెండు వైపులా కొంచెం కొంచెం తిరగాలి. ఒక వైపే తిరిగితే ఆ కొసను సవరించాలి.

ఇంకో రకం ఒరుగుడు ఉంది. నిలబడ్డప్పుడు సమంగానే ఉంటుంది, ఎక్సలేటరు ఇచ్చినప్పుడు మాత్రం ఒక పక్కకు వంగుతుంది. మోటారు నుంచి ఇరుసుకు పోయే షాఫ్టు తిరిగే బలం చట్రాన్ని కూడా మెలిపెట్టడం వల్ల ఇలా జరుగుతుంది. ఏ పక్క కుంగుతోందో ఆ పక్క స్ప్రింగు కొంచెం బిగిస్తే తగ్గుతుంది. ఇది పూర్తిగా పోదు, అదుపులో ఉంటే చాలు.

ఏమీ విప్పకుండా చేసే మందు కూడా ఒకటి చెప్తాను. బరువు కిందికీ ముందుకూ మార్చండి. మా వాడు అందం కోసం జీపు పైకప్పు మీద డబ్బాలు, నిచ్చెన, లైట్లు కట్టాడు. తలమీద బిందెతో మెట్లెక్కడం ఎంత కష్టమో మనకు తెలుసు. అవన్నీ తీయించాను. బ్యాటరీని వీలైనంత కిందికి, ముందు వైపుకు జరిపాం. ఎక్కేటప్పుడు బరువంతా ఎలాగూ వెనక్కి పోతుంది కాబట్టి, ముందు భాగం బరువుగా ఉంటేనే ముందు చక్రాలు నేలను వదలవు.

చివరగా మూడు మాటలు

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక నడిపి చూడండి. నేను ట్రిమ్, నూనె ఒకే రోజు మార్చి ఏది ఏం చేసిందో తెలియక తికమకపడ్డాను. తర్వాత ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను.

పరీక్షకు ఒకే రాయి, ఒకే దారి పెట్టుకోండి. మా ఇంట్లో రెండు ఇటుకలు, ఒక రుబ్బురోలు పొత్రం సరిపోయాయి.

ప్లాస్టిక్‌లోకి పోయే స్క్రూలను బలం కొద్దీ బిగించకండి, మర అరిగిపోతుంది. లోహంలోకి పోయే స్క్రూలు ఊడకుండా వేసే లాకింగ్ మందును ప్లాస్టిక్‌కు తగలనివ్వకండి, కొన్ని రకాల ప్లాస్టిక్ దానికి పగిలిపోతుంది.

శనివారం రాత్రికి పని అయింది. ఖర్చు నూనె సీసా, రబ్బరు రింగులు కలిపి రెండు వందల అరవై. సర్వో పాతదే. ఆదివారం కొండ కింద నేనూ వెళ్ళాను. పోయినసారి పడిపోయిన బండ మీదికే తమ్ముడు జీపును వదిలాడు. సగం ఎక్కి కుడికి తిరగాల్సిన చోట ఆగింది. వాడు నా మొహం చూశాడు. నేనేమీ అనలేదు. రెండోసారి తిప్పితే తిరిగింది, ఎక్కింది. పైకెళ్ళాక దాని అంతట అది దిగలేక బోర్లా పడింది, అది వేరే కథ. ఆ తప్పు నడిపినవాడిది.

ఇంటికి వచ్చాక అమ్మ అడిగింది ఒక్కటే: "మిక్సీ కూడా చూస్తావా?" ఆ సంగతి వచ్చే సంచికలో రాస్తాను, బాగైతే. మీ ఇళ్ళలో తమ్ముళ్ళవో అన్నలవో ఇలాంటి జీపులు మూలన పడి ఉంటే, అంగడికి అమ్మేముందు ఒకసారి నాలుగు చక్రాలూ గాలిలో పెట్టి చూడండి. అనుమానం ఉంటే మధ్యాహ్నం విరామంలో తెలుగు విభాగం దగ్గర నన్ను పట్టుకోండి. అల్లెన్ కీల సెట్టు నా సంచిలోనే ఉంటుంది.